మధుమేహము - సెల్‌ఫోను సందేశము

మన దేశమున మధుమేహము ఎంతగా ప్రబలినదో తెలుపు లెక్కలను భారత వైద్య పరిశోధనా మండలివారి ఆదరమున సర్వే జరిపిన వైద్యులు 2023లో ప్రకటించిరి. 31 రాష్ట్రములలోను కేంద్రపాలిత ప్రాంతములలోను కలిపి 1,13,043 మందిని పరీక్షించి కట్టిన లెక్క యిది. దీని ప్రకారము దేశమున 10 కోట్ల 10 లక్షల మంది ఈ వ్యాధికి లోనైయున్నారు. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని గడపలో నిలిచియున్నారు. పట్టణములలో పెద్దవారు నూటికి పదునారుగురు, గ్రామములలో దాదాపు తొమ్మండుగురు రోగగ్రస్తులు. ఇది పట్నవాసపు జబ్బనియు, కదలక కూర్చుండి భుజించు ధనికుల జబ్బనియు తలంచిన కాలము గతించినది. మన గోదావరి జిల్లాలలో 20 గ్రామములందు 30 ఏండ్లు పైబడినవారిని పరీక్షించి 2006లో ప్రకటించిన ఒక పరిశీలనలోనే నూటికి పదుమువ్వురికి ఈ వ్యాధి కలదని తేలినది. కాలువ నీరు పారి, రెండు పంటలు పండి, మూడుపూటల వరియన్నము కంచమునకెక్కిన సీమలోనే ఈ సంఖ్య కానవచ్చుట రైతులందరును గమనింపదగిన విషయము.

ఇతర వ్యాధులకును దీనికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. చలిజ్వరము వచ్చినవాడు వైద్యుడిచ్చిన మందు మ్రింగి నాలుగు దినములలో లేచి తిరుగును. విరిగిన యెముకకు వైద్యుడు కట్టుకట్టును. అది తనంతట అతుకుకొనును. మధుమేహమున అట్లు కాదు. ఇందు చికిత్సలో పెద్దపాలు రోగి చేతిలోనే యున్నది. ఏమి తినవలెను, ఎంత తినవలెను, ఎంత నడువవలెను, మాత్ర ఏ వేళకు వేసికొనవలెను, అరికాలిలో పుండు లేచినదా లేదా, చూపు మందగించినదా లేదా, ఇవన్నియు దినదినము రోగి స్వయముగ కనిపెట్టి చూచుకొనవలసినవి. సంవత్సరమునకు 8,760 గంటలు. రోగి మూడు నెలలకొకమారు వైద్యుని దర్శించి, ప్రతి పర్యాయమును పావుగంట కాలము పొందెనని యనుకొందము. ఏడాదికి అది ఒక గంట. తక్కిన 8,759 గంటలును అతడు తన వంటయింటిలోను, పొలముగట్టున, అంగడిలో, పెండ్లిపందిరిలో ఒంటరిగ ఈ వ్యాధితో మెలగవలసినవాడే. రోగి కోరినదియు పాలే, వైద్యుడు చెప్పినదియు పాలే యను సామెత ఈ వ్యాధిపట్ల చెల్లదు. ఇందు రోగి కోరునది ఒకటి, వైద్యుడు చెప్పునది మరియొకటి.

వైద్యుడు చెప్పిన మాట రోగి చెవిలో ఎన్నినాళ్లు నిలుచును? మన సర్కారు ఆసుపత్రులలో ఉదయము క్యూలో నిలిచి మధ్యాహ్నమునకు చీటి వ్రాయించుకొని వచ్చువానికి పావుగంట సయితము దక్కదు. ‘అన్నము తగ్గించుము, నడువుము, మందు మానకుము’ అను మూడు మాటలతో వైద్యుడు ముగించును. ఇంటికి చేరునప్పటికి మొదటి రెండును మరపున పడును. ఒంట్లో తేలికయైనట్లు తోచిన నెలలో మూడవదియు పోవును. ఈ వ్యాధి నొప్పి పెట్టక తన పని తాను చేసికొనిపోవును. కండ్లకును మూత్రపిండములకును పాదములకును గుండెకును హాని వాటిల్లిన పిదపగాని రోగికి దాని బలము తెలియదు. ఆ దశలో చేయు వ్యయమునకు ఎకరములు సయితము చాలవని పలు కుటుంబములవారు అనుభవమువలన నేర్చుచున్నారు.

కావున ఈ ఒంటరి గంటలలో రోగికి తోడుగ నిలుచు ఉపాయమేమి యను ప్రశ్న పుట్టినది. ప్రతి రోగి యింటికిని ప్రతిదినము ఒక నర్సును పంపుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు. అయితే ప్రతి యింటికిని ఇదివరకే చేరియున్న వస్తువు ఒకటి కలదు. అది సెల్‌ఫోను. 1992 డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండులో ఒక ఇంజనీరు మొదటి ఎస్.ఎం.ఎస్. సందేశమును పంపెను. అది క్రిస్మసు శుభాకాంక్ష. ఆనాడు వేడుకగ మొదలైన ఆ సాధనము నేడు బ్యాంకు ఖాతాలెక్కను, గ్యాసు బండ రాకను, పాఠశాల సెలవును తెలుపు నిత్యావసరమైనది. ఇదే సాధనముతో మధుమేహరోగికి దినమునకొక హితవాక్యము చేరవేసిన మేలు కలుగునా యని పలు దేశముల వైద్యులు శాస్త్రీయముగ పరీక్షించిరి. ఆ ఫలితములను పాఠకుల యెదుట నుంచుట మా విధి. వానిలో అనుకూలమైనవియు కలవు, ప్రతికూలమైనవియు కలవు. ఉభయమును చెప్పెదము.

మొదటిది మన పొరుగున జరిగినదే. చెన్నపట్టణమున డాక్టరు ఎ. రామచంద్రన్‌గారును వారి సహచరులును వ్యాధి ఇంకను ముదురక గడపలోనున్న 537 మంది పురుషోద్యోగులను రెండు తెగలుగ విభజించిరి. అందరికిని మొదట ఆహారవ్యాయామములను గూర్చి బోధించిరి. ఒక తెగకు మాత్రము తరువాత ఫోను సందేశములు పంపుచు వచ్చిరి. రెండేండ్లకు సందేశములు లేనివారిలో నూటికి 27 మంది రోగులైరి. సందేశములందినవారిలో 18 మంది మాత్రమే. 2013లో ఈ ఫలితము ప్రకటితమైనప్పుడు వైద్యలోకము మిక్కిలి సంతసించినది. ఇది వ్యాధి రాకుండ ఆపుటను గూర్చినది.

వ్యాధి వచ్చినవారిని గూర్చి న్యూజీలండు దేశమున జరిగిన పరీక్ష 2018లో ప్రకటింపబడెను. చక్కెర అదుపు తప్పిన 366 మందిని ఎన్నుకొని వారిలో సగముమందికి తొమ్మిది నెలలవరకు సందేశములు పంపిరి. అందరికి ఒకే మూసలోని మాటలు పంపక, ఒక్కొక్క రోగి అవసరమును, వాడు ఏర్పరచుకొన్న లక్ష్యమును, వాని జాతి సంస్కృతిని అనుసరించి వానిని కూర్చిరి. ఆ దేశపు ఆదివాసులైన మావోరీలకు తగినట్లు కూర్చిన సందేశములు వేరుగ నుండెను. మూడు నెలల సగటు చక్కెరను తెలుపు హెచ్.బి.ఎ.1సి. అను రక్తపరీక్షలో, సందేశములు పొందినవారికి, పొందనివారికంటె సుమారు 0.4 పాళ్లు అదనముగ తగ్గుదల కనిపించినది. అది చిన్న యంకెవలె తోచవచ్చును. కాని ఈ అంకెలో కొద్ది తగ్గుదలయు, ఏండ్లతరబడి నిలిచినచో, కండ్లను మూత్రపిండములను కాపాడునని వైద్యశాస్త్రమునకు చిరకాలముగ తెలిసినదే.

అమెరికాలోని లాస్ ఏంజలీస్ నగరమున 128 మంది పేదరోగులకు ఆరు నెలలపాటు దినమునకు రెండేసి సందేశములు పంపి చూచిన పరీక్ష 2014లో వెలువడెను. సందేశములందినవారికి చక్కెర తగ్గుదల కొంత యెక్కువగ కనిపించినను, అది కాకతాళీయము కాదని రూఢిగ చెప్పుటకు చాలినంత కాదు. మందు తప్పక వేసికొను అలవాటు మాత్రము వృద్ధిపొందినది. ఇందు మనము విశేషముగ గుర్తింపదగినది వేరొకటి కలదు. ఇంగ్లీషు మాటలాడువారికంటె స్పానిషు మాతృభాషగ గలవారికి, తమ భాషలో సందేశములు పొందినందున, మేలు హెచ్చుగ కనిపించినది. పరదేశమున బ్రతుకుచున్న పేదవానికి తన భాషలో వచ్చిన పలుకు ఎంతటి బలమిచ్చునో దీనివలన ఊహింపవచ్చును.

ఇక ప్రతికూల ఫలితములు. దక్షిణాఫ్రికా, మలావి దేశములలో వేయిమందికి పైగా రోగులతో జరిగిన పెద్ద పరీక్షలో సందేశములవలన చక్కెర అదుపున చెప్పుకొనదగిన భేదము కానరాలేదని 2021లో తేలినది. అంతకు ముందు 2020లో డాక్టరు రామచంద్రన్‌గారి సంస్థయే ఇంగ్లండువారితో కలిసి, వ్యాధి గడపలోనున్న 2,062 మందిని మన దేశమునను ఇంగ్లండునను పరీక్షించి, ఈ పర్యాయము సందేశములవలన వ్యాధి రాక స్పష్టముగ తగ్గలేదని నిజాయితీతో ప్రకటించెను. తొలిసారి తమకు యశస్సు తెచ్చిన సాధనమును తామే తిరిగి పరీక్షించి, అనుకూలింపని ఫలితమును దాచక చెప్పుట శాస్త్రజ్ఞులకు భూషణము. సెల్‌ఫోను కంపెనీల ప్రకటనలను మాత్రము చదువువారు ఈ రెండు ఫలితములను తప్పక చదువవలెను.

ఇవన్నియు కలిపి చూచిన మాకు తోచునది యిది. సందేశము మందు కాదు. మందునకు బదులును కాదు. అది పిలుపు మాత్రమే. పిలుపు ఎవరిది, ఏ భాషలోనిది, పిలిచినచోట అన్నము కలదా లేదా, అను మూడింటిని బట్టి దాని ఫలము నిర్ణయమగును. ఆరోగ్యకేంద్రమున మాత్రలు లేనినాడు ‘మాత్ర వేసికొనుము’ అను సందేశము రోగిని వెక్కిరించుటయే యగును. తన కంచమున ఏనాడును కనపడని తిండిపదార్థములను తినుమని చెప్పు సందేశము చెవిటివాని ముందూదిన శంఖమగును.

మన దేశమున ఈ విషయమై ప్రయత్నములు లేకపోలేదు. 2012 మొదలు ఒక స్వచ్ఛందసంస్థ నోకియా కంపెనీ సహాయముతో 12 భాషలలో పది లక్షలమందికి, వారమునకు రెండేసి చొప్పున, మధుమేహనివారణ సందేశములను ఉచితముగ పంపినది. 2016లో కేంద్రప్రభుత్వము ప్రపంచ ఆరోగ్యసంస్థతో కలిసి, ఒక మిస్డ్ కాల్ ఇచ్చినవారికి మధుమేహమును గూర్చిన సందేశములు పంపు పథకమును ప్రారంభించినది. 2023లో అదే ప్రభుత్వము, 2025 ముగియులోపల 7 కోట్ల 50 లక్షల రక్తపోటు, మధుమేహ రోగులను ప్రామాణిక చికిత్సలోనికి తేవలెనని సంకల్పము చెప్పుకొన్నది. ఉద్దేశములు శ్లాఘనీయములు. కాని చికిత్సలోనికి తెచ్చుట యొక యెత్తు, చికిత్సలో నిలుపుట మరియొక యెత్తు. ఢిల్లీలో వ్రాసి, పండ్రెండు భాషలలోనికి దించి, దేశమంతటికి వెదజల్లిన వాక్యము మన పల్లెలోని రోగి గుండెకు తాకునా యనునదే మా సందేహము.

ఈ సందేహమునకు ఆధారము మన భాషయందే కలదు. ఎస్.ఎం.ఎస్. సాధనము ఇంగ్లీషు లిపిని మనస్సున నుంచుకొని నిర్మింపబడినది. ఒక సందేశమున ఇంగ్లీషు అక్షరములు 160 పట్టును. తెలుగులో 70 గుర్తులు మాత్రమే పట్టును. అందును యంత్రము మన గుణింతములను, ఒత్తులను విడివిడిగ లెక్కించును. ‘లక్ష్మి’ యను మాట మన కంటికి రెండక్షరములు. యంత్రమునకు ఏడు గుర్తులు. కావున ఇంగ్లీషున ఒక సందేశములో ఇముడు మాట తెలుగునకు దించునప్పటికి మూడు ముక్కలై, మూడింతల ఖర్చగును. ఆ కారణముచేతనే పలు సంస్థలవారు తెలుగు మాటలను ఇంగ్లీషు లిపిలో వ్రాసి పంపి చేతులు దులుపుకొనుచున్నారు. ఇంగ్లీషు లిపి యెరుగని వృద్ధునకు అది నిరుపయోగము, ఎరిగినవానికి చిక్కుముడి.

దీనికి పరిష్కారము లేకపోలేదు. అది అనువాదము కాదు, సొంతముగ వ్రాయుట. మేము ఈ సంపాదకీయమును వ్రాయు శైలి అందులకు పనికిరాదు. అత్తగారు కోడలితో, ఆశా కార్యకర్త రోగితో మాటలాడు తెలుగు కావలెను. ‘ఈ పూట అన్నం ఒక గరిటె తగ్గించి కూర ఒక గరిటె పెంచండి’ అను వాక్యము యంత్రపు లెక్కకు 70 గుర్తులలోపలనే యిముడును. ఇందు కార్బోహైడ్రేటు అను మాట లేదు, కేలరీ లేదు. గరిటె కలదు. మన యింట అన్నమును కొలుచునది గరిటెయే. అట్లే ‘పడుకునే ముందు అరికాళ్లు చూసుకోండి’ అనుటలో వైద్యగ్రంథము లేదు. కాని చెప్పులులేక చేలో దిగు రైతు పాదమును ఈ వాక్యమొకటి కాపాడగలదు. మధుమేహము ముదిరినవాని పాదమునకు స్పర్శ నశించును. ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. తెలియని పుండు కుళ్లి, కాలు తీయవలసిన స్థితి వచ్చును.

వ్రాయువారు మన ఆహారమును, మన పండుగలను ఎరిగినవారై యుండవలెను. సంక్రాంతికి అరిసెలు, వేసవిలో బంగినపల్లి మామిడి, పెండ్లిలో పూర్ణము, వీనిని ‘తినవద్దు’ అను ఒక్క మాటతో నిషేధించిన ఎవ్వరును వినరు. ఎంత తినవలెను, తిన్ననాడు వేరొకటి ఏమి తగ్గింపవలెను, అని చెప్పిన విందురు. బెల్లము చక్కెర కాదనియు, అది తిన్నను దోషము లేదనియు మన యిండ్లలో నాటుకొన్న భ్రమను పోగొట్టవలెను. రాగిసంకటి, జొన్నరొట్టె మంచివే; కాని మంచివని రెండింతలు తిన్నచో అవియు చక్కెరగనే మారునని చెప్పవలెను. ఏకాదశినాడు, కార్తికసోమవారమునాడు, రంజాను నెలలోను ఉపవాసముండు రోగులు లక్షలలో నున్నారు. ఇన్సులిన్ గాని, చక్కెరను బలముగ దించు మాత్రలు గాని వాడుచు కడుపు మాడ్చుకొన్నవారికి చక్కెర హఠాత్తుగ పడిపోవు ప్రమాదము కలదు. ఆఫ్రికాలోని సెనెగల్ దేశమువారు 2014లో తమ సందేశసేవను రంజాను ఉపవాసములను దృష్టిలో నుంచుకొనియే ప్రారంభించిరి. ఉపవాసమును నిందింపక, ఉపవాసమునకు ముందే వైద్యుని అడిగి మందు సరిచేయించుకొనుడని హెచ్చరించుటయే వివేకము. మన పంచాంగమును బట్టి మన సందేశములు సాగవలెను.

చక్కెర పడిపోవుటను గూర్చి ఇచ్చటనే ఒక మాట. రక్తమున చక్కెర డెసిలీటరునకు 70 మిల్లీగ్రాముల దిగువకు పోయినచో చెమటలు పట్టును, చేతులు వణకును, కండ్లు చీకట్లు క్రమ్మును. వెంటనే మూడు చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగి, పావుగంట తరువాత మరల పరీక్షించుకొనవలెను. స్పృహ తప్పినవాని నోటిలో ఏమియు పోయరాదు, ఆసుపత్రికి చేర్పవలెను. ఈ నాలుగు వాక్యములు ప్రతి రోగి ఫోనులోను, వాని భార్య ఫోనులోను నిలిచియుండిన ఎన్నియో ప్రాణములు దక్కును. సందేశము చేయదగిన పని యిది. ఇన్సులిన్ మోతాదును పెంచుమనియో తగ్గించుమనియో రోగి ముఖము చూడక యంత్రము చెప్పుట మాత్రము ఎన్నటికిని తగదు. అది వైద్యుని అధికారము.

రెండవ విషయము. సందేశము ఒకవైపునుండి మాత్రమే సాగరాదు. ‘కాలికి పుండు లేచినది’ అని రోగి తిరిగి పంపినప్పుడు, ఆ మాట ఎవరికిని చేరక ఆకాశమున కలిసిపోవునేని రోగి రెండవమారు వ్రాయడు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున ఒక నర్సు ఆ ప్రత్యుత్తరములను దినమునకొకమారైనను చూచి, అవసరమైనవారిని పిలుచు ఏర్పాటుండవలెను. మందులు నిండుకొనినచో ఆ సంగతియు సందేశముద్వారానే తెలిసికొని తెప్పించు ఏర్పాటుండవలెను. ఏర్పాటు లేని సందేశము ఉత్తరములు తీయని తపాలాపెట్టె వంటిది.

మూడవది స్త్రీల సంగతి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున తాము స్వయముగ వాడుకొను సెల్‌ఫోను గల స్త్రీలు నూటికి 54 మంది. తక్కినవారికి భర్త ఫోనో కుమారుని ఫోనో శరణ్యము. ఫోనున్నవారిలోను చదువలేనివారు పలువురు. కావున వ్రాతతో పాటు కంఠధ్వనితో కూడిన సందేశములును ఉండవలెను. గర్భవతులకు, బాలింతలకు వారము వారము మాట వినిపించు ‘కిల్కారి’ పథకమును కేంద్రప్రభుత్వము 2016లో ప్రారంభించినది. ఆ త్రోవ మధుమేహమునకును పనికివచ్చును. ఇంతకంటె సున్నితమైన సంగతి యొకటి కలదు. మన సంఘమున యువతికి మధుమేహమున్నదని తెలిసిన పెండ్లి తప్పిపోవునను భయము నేటికిని కలదు. కొత్తకోడలు అత్తవారికి తెలియకుండ ఇన్సులిన్ దాచుకొను యిండ్లు లేవని ఎవరనగలరు? ఇంటిల్లిపాదియు చూచు ఫోనునకు ‘మీ షుగరు వ్యాధి’ అను శీర్షికతో సందేశము పంపుట ఆ పిల్లకు కీడు చేయుటయే. రోగి అనుమతి లేనిదే పంపరాదు. పంపు మాటయు వేళయు రోగి కోరినట్లుండవలెను. వ్యక్తుల సమాచారమును కాపాడుటకై పార్లమెంటు 2023లో చట్టము చేసినది. రోగుల ఫోను నంబర్ల పట్టిక మందుల దుకాణములకును భీమా కంపెనీలకును అమ్ముడుపోకుండ చూచుట ఆ చట్టమునకు తొలిపరీక్షగ భావింపవలెను.

కొందరు విజ్ఞులు ఆక్షేపింపవచ్చును: ‘దినమునకు ఇరువది వ్యాపారసందేశములు వచ్చిపడుచున్నవి, ఇరువదియొకటవదానిని ఎవడు చదువును?’ అని. ఈ ఆక్షేపణ నిజమే. అందుచేతనే మితము కావలెను. దినమునకొకటి, లేదా వారమునకు మూడు, అవియు రోగి తెలిసిన వైద్యుని పేరున, తన యూరి ఆరోగ్యకేంద్రపు పేరున రావలెను. ఊరిలోని నర్సు పేరున వచ్చిన మాటకు ఢిల్లీనుండి వచ్చినదానికంటె విలువ హెచ్చు.

వేరొకరు ‘వాట్సాపులో ఈ సంగతులన్నియు తిరుగుచునే యున్నవి కదా’ అనవచ్చును. తిరుగుచున్నవి, వానితోపాటు విషమును తిరుగుచున్నది. ఫలాని ఆకు నమిలిన నలుబది దినములలో షుగరు మాయమగుననియు, ఇంగ్లీషు మందులు మానివేయుడనియు, పేరులేని వైద్యులు ఊరూరికి సందేశములు పంపుచున్నారు. పెద్దవాడు మాత్ర మానిన చెరుపు మెల్లగ జరుగును. పుట్టుకతోడి లోపమువలననో, బాల్యముననే వచ్చిన వ్యాధివలననో ఇన్సులిన్‌పై ఆధారపడిన బిడ్డకు తల్లి ఈ మాట నమ్మి సూది మానిపించిన, కొలదిదినములలోనే ప్రాణము మీదికి వచ్చును. అబద్ధము సందేశరూపమున ప్రతి యింటి తలుపును తట్టుచుండగ, నిజము మాత్రము ఆసుపత్రి గోడమీది కాగితముగ మిగిలియుండుట న్యాయమా? సందేశసేవ అవసరమనుటకు మా దృష్టిలో ఇంతకు మించిన కారణము లేదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములవారికి మా విన్నపము స్పష్టమైనది. ఉభయరాష్ట్రములును రాజకీయముగ వేరైనను రోగమును భాషయు ఒక్కటే. రెండు ప్రభుత్వముల వైద్యశాఖలును కలిసి, వైద్యులను, పోషణశాస్త్రజ్ఞులను, ఆశా కార్యకర్తలను, పల్లెపలుకు తెలిసిన రచయితలను ఒకచోట కూర్చుండబెట్టి, ఏడాదిపొడుగున నడచు సందేశములను తెలుగున స్వయముగ వ్రాయింపవలెను. కోస్తా, రాయలసీమ, తెలంగాణ పలుకుబడులకు, తిండికి తగినట్లు మార్పులుండవలెను. హైదరాబాదు, కర్నూలు వంటి చోట్ల ఉర్దూ మాటలాడువారికి ఉర్దూలోను, మన్యమునందలి గిరిజనులకు వారి భాషలలో కంఠధ్వనితోను పంపవలెను. తెలుగు మాకెంత ప్రియమో వారి భాష వారికంత ప్రియము. మొదట ఒకటి రెండు జిల్లాలలో నడిపి, రోగుల రక్తపరీక్షల ఫలితములను సరిపోల్చి, మేలున్నదని తేలినపిదపనే విస్తరింపవలెను. పనిచేయనిదానిని పనిచేయలేదని బహిరంగముగ ప్రకటింపవలెను. ఒక్కొక్క సందేశమునకగు ఖర్చు పైసలలోనే యుండును. అయినను ప్రజల పైస పైసయే.

ప్రభుత్వముపై భారముంచి మనము చేతులు ముడుచుకొని కూర్చుండుట కూడదు. గ్రామమున భూవసతి గలవారు, పట్టణమున వ్యాపారోద్యోగములందున్నవారు తమవద్ద పనిచేయువారికి 30 ఏండ్లు నిండినచో సర్కారువారి ఉచితపరీక్షకు ఒక పూట సెలవిచ్చి పంపుట కష్టము కాదు. చదువుకొన్న మనుమడు తాతగారి ఫోనున వచ్చిన మాటను చదివి వినిపించుట కష్టము కాదు. వాట్సాపున వచ్చిన చిట్కాను పదిమందికి పంపుటకు ముందు వైద్యుని ఒకమాట అడుగుట అంతకంటెను సులభము. ఆరోగ్యమే మహాభాగ్యమని నిత్యము పలుకు మనము ఆ భాగ్యమునకు కాపలా ఎవరని అడిగిన, ఆసుపత్రివైపు చేయి చూపుచున్నాము. మధుమేహపు విషయమున కాపలా రోగియే. అతనికి నమ్మదగిన మాటను, అతని భాషలో, అతని వేళకు అందించుటయు, ఆ మాట వెనుక మందును మనిషిని నిలుపుటయు ప్రభుత్వమునకును సంఘమునకును విధి. ఈ విధిని ఉభయ ప్రభుత్వములును ఇకనైనను జాగుచేయక చేపట్టునని ఆశించుచున్నాము.